కాయిల్ దాకా రాని కరెంటు

మొన్న జనగామలో నా స్కూటరు మొరాయిస్తే మెకానిక్ దగ్గరికి తోసుకుపోయాను. అతను సీటు లేపి, మీటరు తీగలు రెండు మూడు చోట్ల ఆనించి, "సార్, కరెంటు నడుమల పడిపోతున్నది" అని నిమిషంలో తేల్చేశాడు. నాకు మాత్రం నిలబడ్డచోటే తొర్రూరు గుర్తొచ్చింది, మా చిన్నాయన గుర్తొచ్చాడు. ఆయన బండికి పట్టిన జబ్బూ ఇదే. కాకపోతే దాన్ని కనుక్కోవడానికి ఒక వానాకాలమంతా పట్టింది.

ఎనభయ్యో దశకం మొదట్లో నాకు తొర్రూరులో ఉద్యోగమైంది. మకాం చిన్నాయన ఇంట్లోనే. ఆయన మిర్చి వ్యాపారి. చిన్నమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. పిల్లలు లేరు. పగలంతా బేరాల గోల, మిర్చి ఘాటుకు తుమ్ములు, వాటితో పొద్దు ఎట్లాగో గడిచేది. దుకాణం కట్టేశాక ఆ ఇంట్లో అడుగుపెట్టడమంటేనే ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. నువ్వున్నావు కదా అంటారేమో. కుర్రవాడినైన నాతో ఆయన మాట్లాడేది ఏముంటుంది? వానలు, ఎండలు, కూరలో ఉప్పు. అంతటితో మాటలైపోయేవి. అందుకని సాయంత్రమైతే మోటార్ సైకిల్ తీసి మహబూబాబాద్ స్టేషన్ దాకా పోయేవాడు. ఆయన ఎక్కాల్సిన రైలూ లేదు, దిగే చుట్టమూ లేడు. విజయవాడ వైపు పోయే రైళ్లను చూస్తూ ఒక చాయ్ తాగి, ఇక కళ్లు మూతలు పడతాయనుకున్నప్పుడు ఇల్లు చేరేవాడు. అది లేకపోతే ఆయన ఆ ఇంట్లో నిలవలేడని నాకు తెలుసు.

అటువంటి బండి ఆగిపోవడం మొదలుపెట్టింది. కిక్కు కొడితే అందుకునేది. ఊరు దాటి లైటు వేయగానే దగ్గి, తుమ్మి, ఊరుకునేది. ఇక తలా ఒక వైద్యం. ప్లగ్గు మార్చారు, పాయింట్లు గీకారు, కొత్త బ్యాటరీ వేశారు, చివరికి ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే కాయిల్ కూడా కొత్తది బిగించారు. రోగం ఉన్నచోటే ఉంది. ఆయన బండిని తోసుకుంటూ చెమటతో రావడం చూడలేక, "అమ్మేయరాదు చిన్నాయనా" అన్నాను.

"అమ్మితే పొద్దుమీకి నేనేడికి పోవాలె రా?" అన్నాడు.

అప్పుడే జఫర్‌గఢ్ నుంచి వచ్చిన ఒక మెకానిక్ బస్టాండు పక్కన షెడ్డు వేసుకున్నాడు. అతను చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి బండి ఇనుముకు పట్టి, రెండోది బ్యాటరీకి ఆనించాడు. బల్బు తెల్లగా వెలిగింది. తాళం తిప్పి అదే తీగను కాయిల్‌కు ఆనిస్తే ఆరిపోయే బీడీలా ఎర్రబడి ఊరుకుంది.

"సేటు, ఈడ నిండుగున్నది, ఆడికి పోయేసరికి సగమైతున్నది. నడుమల ఎవడో తాగుతున్నడు" అన్నాడు.

బ్యాటరీ నుంచి కాయిల్‌కు నేరుగా ఒక తీగ కలిపి కిక్కు కొడితే, లైటు వేసినా ఇంజను తొణకలేదు. లోపం పాత తీగలోనే ఉందన్నమాట. అతను గుడ్డ టేపు విప్పుకుంటూ పోయి, సీటు కింద పనిముట్ల పెట్టె వెనక చెయ్యి దూర్చి, ఒక వస్తువును బయటికి లాగాడు. మంచం పక్కన వేలాడేసుకునే బెడ్ స్విచ్చి! లోపలి రేకులు చిలుము పట్టి పచ్చబడ్డాయి.

"గిదేంది సేటు? ఇంట్ల స్విచ్చి బండికెవరు పెట్టిన్రు?"

చిన్నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా మంచం కాడిదే. కరాబైందని మీ చిన్నమ్మ కొత్తది పెట్టిచ్చింది" అని నాతో అని, అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఆయన ఆ బండి మీద కరపత్రాలు వేసుకుని జనగామ, మహబూబాబాద్ తిరిగేవాడట. ఎక్కడ చూసినా లాఠీలు, అరెస్టులు. సరిగ్గా గొడవ జరుగుతుందన్న రోజే బండి మొండికేసేది. ఆయన కిక్కు కొట్టి కొట్టి అలిసిపోతే చిన్నమ్మ మజ్జిగ తెచ్చి, "బండికే లేని తొందర మీకెందుకు?" అనేదట. ఆమె తమ్ముడు రేడియోలు బాగుచేసేవాడు. ఆ తీగలో స్విచ్చి పెట్టడం అతనికి ఎంతసేపు పని! సీటు కిందికి చెయ్యి పోనిచ్చి దాన్ని ఆపడం ఆమెకు ఎంతసేపు!

"బండిని తిట్టిన. చేసినోన్ని తిట్టిన. ఆమె నవ్వుకుంట నిలవడేది" అంటూ చిన్నాయన కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

మెకానిక్ స్విచ్చి తీసేసి కొత్త తీగ వేశాడు. ఆ సాయంత్రం బండి ఒక్క కిక్కుకే అందుకుంది. ఆయన మహబూబాబాద్ దారి పట్టగానే హమ్మయ్య అనుకున్నాను. పొయ్యి మీద అన్నం ఉడకకముందే తిరిగొచ్చాడు.

"మల్ల ఆగిందా?" అన్నాను.

"లేదు రా, మంచిగున్నది. లైటేసినా ఆగలే" అంటూ స్టాండు వేశాడు. వాకిట్లోనే నిలబడి లోపలికి చూశాడు. "పోవద్దనే మనిషి లేనప్పుడు ఏడికని పోతం రా?"

ఇప్పుడు నేను ఆయన వయసు దాటేశాను. ఎటు బయల్దేరినా ఎందుకని అడిగేవాళ్లు మా ఇంట్లోనూ లేరు. కాలం మనకు అడ్డుపడే మనుషులను ముందు తీసుకుపోతుంది, ఆ తర్వాతే దారి ఖాళీ చేసి ఇస్తుంది.