కౌజుపిట్ట పొదిగిన పొద

షుగర్ వచ్చిందని డాక్టర్ నన్ను రోజూ నడవమన్నాడు. ఏన్కూరు రోడ్డు మీద లారీల దుమ్ము తినలేక ఊరి బయటి పొదల అడవిలోకి తిరిగాను. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్ ముందు కూర్చున్నవాణ్ణి, రేగుకూ పరికికీ తేడా తెలియని దర్జీని. మొదటి వారం ముళ్లకు రెండు లుంగీలు చిరిగాయి. రెండూ నేనే కుట్టుకున్నాను. అయినా ఆ తోవ నన్ను పట్టేసింది. ఎండుగడ్డిలో తొండలు తలలాడించేవి, తునికి చెట్ల కింద నెమలి అడుగులు కనిపించేవి. ఇంత దగ్గర ఇంత లోకం పెట్టుకుని ఇన్నాళ్లు ఏం చేశానా అని నా మీద నాకే కోపం వచ్చేది.

ఎండలు ముదురుతుండగా, ఒక ఇప్పచెట్టు కింద బలుసు పొదలో కౌజుపిట్ట గుడ్లు చూశాను. నేలమీదే, ఎండుటాకుల మధ్య, లేత గోధుమరంగువి. మళ్లీ వస్తే ఆ పొద దొరకదేమోనని జేబులో ఉన్న ఎర్రగుడ్డ పేలిక కొమ్మకు కట్టాను.

మర్నాడు అక్కడ ఒక కోయ పెద్దామె నిలబడి ఉంది. చేతిలో అగ్గిపెట్టె, కళ్లనిండా కోపం.

"గీ గుడ్డ ఎవరు కట్టిండ్రు?"

"నేనే కట్టిన అమ్మా."

"గీ చెట్టు మా ఇంటిది. దీని పువ్వు మా అత్త ఏరింది, ఇప్పుడు నేను ఏరుతున్న. దుకాణాలున్నోళ్లకు గిది గూడ కావాల్నా?"

నేను చేసిన పని అప్పుడు తెలిసింది. ఇప్పచెట్టు దగ్గర గుర్తు కడితే, ఆ ఏడు రాలే పువ్వంతా నాదేనని చెప్పినట్టట. నా మొహం చిన్నబోయింది. పేలిక ఊడదీసి, తప్పయిందని చెప్పి, గుడ్లు చూపించాను. పువ్వు రాలకముందే ఆకులు కాలబెట్టి నేల శుభ్రం చేసుకుందామని వచ్చిందామె. కాలబెడితే గుడ్లు దక్కవు. ఊడవాలంటే ఆమె నడుము దక్కదు.

"నేను ఊడుస్తనమ్మా," అన్నాను.

"గుడ్డలు కుట్టే సాయిబువు, చీపురు పట్టుడు నీకేమొస్తది? పో," అని అగ్గిపెట్టె కొంగున ముడేసుకుంది.

వారం తిరిగేసరికి పువ్వు రాలడం మొదలైంది. చెట్టు కింద నేలంతా ఊడ్చి ఉంది. ఆమె వంగి పువ్వు ఏరుతోంది. పొద చుట్టూ మాత్రం రెండు మూరల మేర ఎండుటాకులు అట్లాగే ఉన్నాయి. వాటి మీద రాలిన పువ్వును ఆమె ముట్టుకోలేదు. ఆ పువ్వు అమ్మితేనే ఆమె ఇంట్లోకి ఉప్పూ పప్పూ వచ్చేది.

"అవి ఏరవా అమ్మా?"

"గుడ్ల మీద కూసున్న తల్లిని లేపుతరా ఏంది?"

గుడ్లు భద్రంగా ఉన్నాయో లేవో చూద్దామని, ఆ వారమంతా రోజూ కొమ్మ ఎత్తి ఆ తల్లిని లేపింది నేనే.