రక్తం తీసే గదిలో విన్న మాట

ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఏళ్ళయింది. మింగుడుపడదు, బయటికీ రాదు. అతని పేరు మీకు చెప్పను. ఇప్పుడైనా ఆ మాత్రం దాచాలి కదా.

మల్కాపురంలో ఒక చిన్న క్లినిక్‌లో రక్తం తీసే పని నాది. వచ్చేవాళ్ళంతా చుట్టుపక్కల వీధులవాళ్ళే. ఎవరి చెయ్యి పట్టుకున్నా తెలిసిన చెయ్యే. అందుకే తెర లాగాక గొంతు తగ్గించి మాట్లాడాలి, ఏ పరీక్షో పక్కవాళ్ళకి వినపడకూడదు. కొత్తగా చేరిన పిల్లలకి ఈ పాఠం నేనే చెబుతాను. చెబుతుంటే నాలుక తడబడుతుంది.

అతను వెల్డరు. ఒకప్పుడు ఫిట్స్ వచ్చేవి. మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడు కాబట్టి చాలాకాలంగా రాలేదు. ఆ మందు రక్తంలో సరిపడా ఉందో లేదో చూపించుకోడానికి అప్పుడప్పుడు వచ్చేవాడు. ఒకసారి చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే మెల్లగా అన్నాడు.

"అక్కా, పనికాడ ఎవులికీ తెలీదు. మా అక్క మొగుడు, మా బావొక్కడికే తెలుసు. ఎత్తంటే బయమని సెప్పి కిందే పని సేత్తన్నాను."

"ఈ గది దాటదు, తమ్ముడూ" అన్నాను.

మా ఆయనా అతను పనిచేసే కాంట్రాక్టరు కిందే ఫిట్టరు. ఒకరోజు అన్నం తింటూ అతని గురించి నవ్వాడు. వెల్డరై ఉండి నిచ్చెనెక్కమంటే వణుకుతాడట, వట్టి పిరికోడట. నేను చారు పోస్తూ అనేశాను.

"బయం కాదు. పాపం, ఫిట్స్."

ఎందుకన్నాను? జాలిపడి అన్నానని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. పనిలో అతనికేమైనా అవుతుందేమోనని అన్నానని ఇంకొన్నాళ్ళు. కానీ అతనెలాగూ కిందే పనిచేస్తున్నాడు, ఆ సంగతి నాకు తెలుసు. మా ఆయనకి తెలియనిది నాకు తెలుసని చూపించుకోవాలనిపించింది. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతికినా దొరకదు.

మా ఆయన క్యాంటీన్లో అన్నాడు. అది కాంట్రాక్టరు దాకా పోయింది. అతని గేటు పాసు రద్దు చేశారు, పని పోయింది.

తర్వాత పరీక్షకి వచ్చినప్పుడు అతని చొక్కా మీద నిప్పురవ్వల మచ్చలు లేవు. చెయ్యి చాపి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"మా బావే సెప్పీసినాడక్కా. ఆడు తప్ప ఇంకెవులికి తెలుసు?"

"ఆయన సెప్పలేదేమో. ఓపాలి అడిగి సూడు."

"అడిగినాను. ఒట్టేసినాడు. దొంగ ఒట్టు. నువ్వు బయటిదానివి, అయినా కడుపులో దాసుకున్నావు. సొంతోడు సూడు, ఏటి సేసినాడో."

సూది దిగి ఉంది. గొట్టం నిండుతోంది. నిజం చెప్పడానికి నాకు దొరికిన సమయం అదే. దూది పెట్టి "గట్టిగా నొక్కి పట్టుకో" అన్నాను. ఉద్యోగం పోతుందని భయమా? అదీ ఉంది. కానీ అతను నన్ను మంచిదాన్ననుకుంటున్నాడు. ఆ మంచితనం పోగొట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు, నాది కాదని తెలిసి కూడా.

బావా బావమరుదులు ఒకే బండి మీద తిరిగేవాళ్ళు. మాటలు ఆగిపోయాయి. అక్క పుట్టింటికి రావడం మానేసింది. వాళ్ళమ్మ పోయినరోజు నేనూ వెళ్ళాను. అల్లుడు పాడె పట్టబోతే ఇతను చెయ్యి తోసేశాడు. ఆ మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డవతల నిలబడిపోయాడు. నన్ను చూసి పలకరింపుగా తలూపాడు. నేను కళ్ళు దించుకున్నాను.

ఇతనిప్పుడు గాజువాకలో గేట్లూ గ్రిల్లులూ చేసే కొట్లో పనిచేస్తున్నాడు. పరీక్షకి ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. వేరే అమ్మాయి ఖాళీగా ఉన్నా నా కోసం ఆగుతాడు. వచ్చిన ప్రతిసారీ చెప్పేద్దామని నోరు తెరుస్తాను. "పిడికిలి బిగించు" అంటాను.

ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి తలుపు గడియ చూసొచ్చాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించాల్సిన ఇద్దరూ ఇదే ఊళ్ళో ఉన్నారు, వాళ్ళకి చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలీదు. ఒక్క ముక్క మాత్రం మీకైనా తెలియాలి. ఆ బావ నోరు విప్పలేదు. చెప్పింది నేను.

తలుపు గడియ ఇంకా వేసే ఉంది. కానీ ఊపిరి కాస్త ఆడుతోంది.