కంపెనీ మనిషి మోసుకుపోయిన కుట్టుమిషన్

ఆ రోజుల్లో మోసం చేసేవాళ్లు కూడా ఒళ్లు వంచి పనిచేసేవారు. ఇప్పటిలా ఎక్కడో కూర్చుని ఫోన్ చేసి "మీ కంప్యూటర్‌లో వైరస్ పడింది" అంటే కుదిరేది కాదు. ఎండలో నడిచి ఇంటికి రావాలి, గుమ్మంలో చెప్పులు విప్పాలి, మంచినీళ్లు అడగాలి, ముసలివాళ్లను పలకరించాలి. ఇంత శ్రమా పడి కాజీపేటలో మా ఇంటికి వచ్చిన మనిషిని నేను ఒట్టి చేతులతో పంపలేదు. నా కుట్టుమిషన్ ఇచ్చి పంపాను.

అప్పటికి నేను ఇంటర్ పాసై, కుట్టు నేర్చుకుని, ముందు గదిలో మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. మా బాపు, అంటే నాన్న, రైల్వేలో గార్డు. జాకెట్లూ లంగాలూ కుట్టుకునే నాకు ఆ ఏడు క్రిస్మస్‌కు మా చర్చిలో పాటలు పాడే ఆడపిల్లలందరికీ తెల్ల గౌన్లు కుట్టే పని దొరికింది. దొరికింది అంటే, అమ్మ పాస్టరమ్మను బతిమాలి ఇప్పించింది (నా చేతి కుట్టు మీద పాస్టరమ్మకు పెద్ద నమ్మకం లేదు, అమ్మకూ లేదు కానీ కన్నతల్లి కాబట్టి తప్పలేదు). గుడ్డంతా కత్తిరించి పరుచుకున్న సమయానికి ఆయన దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, భుజాన తోలుసంచి, నోట్లో రేడియో వార్తల తెలుగు. "మిషన్ కంపెనీ నుంచి వస్తున్నానండీ. ఉచిత సర్వీసు" అన్నాడు.

మిషన్‌కు చెవి ఆనించి, చక్రం తిప్పి, దవాఖానలో పెద్ద డాక్టరులా ముఖం ముడుచుకున్నాడు. ఏదో స్క్రూ వదులుచేసి మళ్లీ తిప్పితే మిషన్ కటకటలాడింది. వదులుచేసింది నా కళ్లముందే! "టైమింగ్ పోయింది మేడమ్. ఇలాగే కుడితే సూది విరిగి కంట్లో పడుతుంది" అన్నాడు. నన్ను అంతవరకు 'ఓ పోరీ' తప్ప ఎవరూ ఏమీ అని ఎరుగరు. మేడమ్ అనేసరికి నాకు ఎక్కడలేని హుందాతనం వచ్చి, "షాఫ్ట్ ప్రాబ్లమా?" అని అడిగాను. షాఫ్ట్ అంటే ఏమిటో ఈ రోజుకీ నాకు సరిగా తెలియదు. "మేడమ్‌కు టెక్నికల్ నాలెడ్జ్ ఉంది!" అన్నాడు. అంతే, నా పని అయిపోయింది.

మూలన కూర్చున్న నాయినమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆని చేతులు జూసినవానే? జర నూనె మరకన్న లేదు. గీడేం మెకానిక్కు?"

"నీకు తెల్వది, ఊకో నాయినమ్మా. కంపెనీల చేతులకు తొడుగులు ఏసుకుంటరు" అన్నాను. అతనికి తట్టని అబద్ధం అతని తరఫున నేనే ఆడిపెట్టాను.

హైదరాబాదు వర్క్‌షాపుకు తీసుకెళ్లి వచ్చే ఆదివారంలోగా తెస్తానన్నాడు. మిషన్ తలను స్టాండు నుంచి విప్పితే నేనే దుప్పటి తెచ్చి మూటకట్టాను. అమ్మ దారిలో తినమని సర్వపిండి పొట్లం ఇచ్చింది. డ్యూటీకి పోతున్న బాపు అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి, తన బండిలోనే కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. దొంగను అంత మర్యాదగా సాగనంపిన ఇల్లు మా చుట్టుపక్కల మరొకటి ఉండదు.

ఆదివారం వచ్చింది, పోయింది. అతను రాలేదు. మిషన్ కొన్న వరంగల్ దుకాణానికి పరుగెత్తాను. సేటు నెత్తి కొట్టుకున్నాడు. "కంపెనీ ఇంటింటికి మనుషులను పంపుతదా బిడ్డా? మా దుకాణానికే పంపదు!"

ఏడుస్తూ ఇంటికొస్తే, ఖాళీ స్టాండు మీద నాయినమ్మ మిరపకాయలు ఆరబోసింది ("ఊకనే ఉన్నది గదానే"). పక్కింటి పెద్దమ్మ "ఒక్క మాట నన్నడిగితే చెప్తుంటి గదా" అని ఓదార్చింది. ఇవన్నీ ఓర్చుకున్నాను. అన్నం కలుపుకుంటూ బాపు అన్న మాటకు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. "అయినా గాయన హైదరాబాదు దాక రాలే గదా. స్టేషన్ ఘన్‌పూర్లనే దిగి పోయిండు."

"గా ముచ్చట ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే బాపూ?"

"నువ్వు అడిగినవా?"

మర్నాడు తండ్రీకూతుళ్లం ఘన్‌పూర్‌లో దిగాం. అతనికి చెప్పవలసిన తిట్లు దారిపొడవునా వరసగా పేర్చుకున్నాను. స్టేషన్‌లో హమాలీ అడిగీ అడగకముందే, "దుప్పట్ల మిషన్ కట్టుకొచ్చినాయననా? గా సందుల వాళ్లక్క ఇల్లు" అని చూపించాడు.

తలుపు తీసే ఉంది. నాకంటే కొంచెం పెద్దదైన ఒకామె, ఏదో పాత స్టాండుకు బిగించిన నా మిషన్ మీద టకటకా కుడుతోంది. "రా చెల్లె, కూసో. జాకెటా, లంగానా?" అంది. పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. "మిషన్..." అన్నాను.

"మంచిగున్నది గదా? మా తమ్ముడు దెచ్చిండు. హైదరాబాదుల కంపెనీల జేస్తాండు."

బాపు నెమ్మదిగా సంగతి చెప్పాడు. ఆమె కాళ్లు ఆగిపోయాయి. "కంపెనీల జేస్తాండని ఊరంత చెప్పుకున్న" అని మాత్రం అంది. ఠాణాకు పోదామని రైల్లో ఎగిరిన బాపు ఆ మాటే ఎత్తలేదు. ఆమె కళ్లు తుడుచుకుని, సూది కింద ఉన్న జాకెట్టు చూపించింది. "రేపు గీ పిల్ల పెండ్లి చెల్లె. గీ ఒక్క చెయ్యి ఎక్కియ్యనియ్యి."

నా మిషన్ కోసం నేనే వంతు కాచుకుని కూర్చోవడం! కోపంతో ఉడికిపోతూనే, గుడ్డ జారకుండా రెండో కొస పట్టుకున్నాను.

మూట కడుతుంటే నా గౌన్ల సంగతి అడిగి, "నీ ఒక్కదానితోని ఏడైతది? నేనొస్త" అని మాతో పాటే బండెక్కింది. పండుగ దాకా మా ఇంట్లోనే ఉంది. ఒకరు మిషన్ మీద కుడితే ఒకరు చేత్తో అంచులు మడిచాం. సాయానికి వచ్చిన మనిషి నోరు మూసుకుంటుందా? "గీ గౌను చెయ్యెవరు కోసిండ్లు?" అనేది. "నేనే" అనేదాన్ని. "గందుకే" అనేది. తమ్ముడు మళ్లీ ఇంటి ముఖం చూడలేదని ఆ తరవాతెప్పుడో చెప్పింది. చెబుతూ ముఖం పక్కకు తిప్పుకుంది.

క్రిస్మస్ పొద్దున పిల్లలు తెల్లటి గౌన్లలో పాటకు నిలబడ్డారు. మిషన్‌ను చేజేతులా దొంగకు మూటకట్టి ఇచ్చినందుకు చర్చి అంతా నన్నే చూసి నవ్వుతోందనుకుని నేను వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాను. ఎప్పుడూ చర్చి గడప తొక్కని ఘన్‌పూర్ అక్క నా పక్కనే కూర్చుని, ప్రార్థన మధ్యలో నా మోచేతిని పొడిచింది. "ఆ మూడో పిల్ల గౌను చెయ్యి గుంజుకపోతాంది, జూడు." నాకు మళ్లీ చిర్రెత్తుకొచ్చింది. నిజానికి ఆ ఉదయం నన్నెవరూ చూడలేదు, అందరి కళ్లూ పాడే పిల్లల మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆ వెనక వరసకు వెళ్లి, ముఖం ముడుచుకుని కూర్చున్న ఆ పిల్ల పక్కన, అంటే అప్పటి నా పక్కన, కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. ఏమీ చెప్పను. చెప్పినా వినే రకం కాదు.