కల్చర్ రూమ్‌లో ఎంగిలి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఆటపట్టించడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు. ఇప్పుడు అమ్మ నన్ను ఆటపట్టిస్తోంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నమ్మమని ఎవరినీ అడగను.

మాది గుంటూరు. నా ఆరో తరగతిలో టెక్సస్‌లోని కాపెల్‌కి వచ్చేశాం. కాలేజీకి మాత్రం వేరే రాష్ట్రం వెళ్ళాను. డాక్టరు చదువు, పీహెచ్‌డీ కలిపి చేసే ఎండీ-పీహెచ్‌డీ ప్రోగ్రామ్‌లో చేరాలని నా పట్టుదల. దానికి మార్కులు ఒక్కటే చాలవు. ల్యాబ్‌లో సొంతంగా ఏదైనా చేసి చూపించాలి, ప్రొఫెసర్ మనస్ఫూర్తిగా సిఫార్సు రాయాలి. మా ప్రొఫెసర్ అంత తేలిగ్గా రాసే మనిషి కాదు. ఆ వేసవిలో నేను పెంచుతున్న కణాలు బతికితేనే నా ప్రయోగం పూర్తవుతుంది, లేదంటే అప్లికేషన్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

కణాలు పెంచే గదిని కల్చర్ రూమ్ అంటారు. అక్కడ పని నేర్పింది గ్రేస్ అనే పీహెచ్‌డీ విద్యార్థిని. ద్రవం పీల్చి వేసే గొట్టం, అదే పిపెట్, దాని కొన దేనికైనా తగిలితే పారేయాలి, అది మళ్ళీ బాటిల్‌లో పెడితే బాటిల్ మొత్తం పాడైనట్టే. ఫోన్‌లో ఇదంతా చెబితే అమ్మ పడీపడీ నవ్వింది.

"ఎంగిలి అంటే అదేగా! ఇంట్లో నేను మొత్తుకుంటే చాదస్తం అన్నావు. అక్కడ దొరసాని చెబితే సైన్సా?"

ఆ తర్వాత నా మనసులో ఎంగిలి అన్న మాటే ఉండిపోయింది. ల్యాబ్‌లో పైకి ఎప్పుడూ అనలేదు, అన్నా అర్థమయ్యేవాళ్ళు లేరు.

ఒకరోజు మధ్యాహ్నం కణాలకు మీడియా మార్చడానికి కూర్చున్నాను. మీడియా అంటే వాటికి ఆహారంగా వేసే గులాబీ రంగు ద్రవం. పొద్దున్న ఎవరో తెరిచిన బాటిల్ ఉంది, అందరూ అందులోంచే వాడుతున్నారు. మూత మీద చెయ్యి వేశాను.

"అది ఎంగిలైంది బిడ్డా, ముట్టకు."

నా వెనకే, ఒక పెద్దావిడ గొంతు. కాస్త విసుగ్గా కూడా ఉంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. పక్క బల్ల దగ్గర గ్రేస్ అటు తిరిగి తన పని చేసుకుంటోంది.

భయం కంటే ముందు సిగ్గేసింది. అయినా ఆ బాటిల్ పక్కన పెట్టి, ఫ్రిజ్‌లోంచి కొత్తది తెచ్చుకున్నాను.

మర్నాటికి ల్యాబ్‌లో ఆ బాటిల్ వాడిన అందరి కణాలూ మబ్బుపట్టి చచ్చాయి. నావి మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నేను కొత్త బాటిల్ తీసుకున్నానని తెలిసి ప్రొఫెసర్ భుజం తట్టి, "నీకు మంచి జడ్జిమెంట్ ఉంది" అన్నారు. సిఫార్సులో అదే రాశారు.

ఇంటర్వ్యూలో ఆ సంగతే అడిగారు. ఎవరో పెద్దావిడ హెచ్చరించారని చెప్పాను. ల్యాబ్‌లో సీనియర్ అనుకున్నారు కాబోలు, తల ఊపారు. సీటు వచ్చింది.

అలసటలో నా బుర్రే ఆ మాట అనుకుందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ మా ఇంట్లో నన్ను అమ్మలు అంటారు, అమ్మాయీ అంటారు. బిడ్డా అని పిలిచేవాళ్ళు మా వైపు ఒక్కరూ లేరు.

ల్యాబ్‌లో నా ఆఖరి రోజున గ్రేస్ కేకు కోసి పెడుతూ, గొంతు తగ్గించి ఇంగ్లీషులో అడిగింది. "ఆ రోజు కల్చర్ రూమ్‌కి మీ అమ్మగారిని తీసుకొచ్చావు కదా? బయటివాళ్ళను రానివ్వరని, నీకు మాట వస్తుందని ఎవరికీ చెప్పలేదు. నేను వెనక్కి తిరిగేలోపే ఆవిడ వెళ్ళిపోయారు. ఆవిడ అన్న ఆ మాటకి అర్థమేంటి?"

"ఏ మాట?" అన్నాను.

"ఎంగిలీ" అంది.

అమ్మ ఆ ల్యాబ్ గడప తొక్కలేదు.