అప్పన్న బండి నాలుగంగుళాలు దిగిన కథ

అప్పన్న పుట్టింది సింగపూర్‌లోని సెంబవాంగ్ నౌకాస్థావరం క్వార్టర్స్‌లో. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు, తండ్రి ఓడలకు రంగులు వేశాడు. అప్పన్నకు పదిహేడో ఏట స్టీరింగు చేతికి చిక్కింది. నలభై ఏళ్ళయినా దాన్ని వదల్లేదు. ఏ పెళ్ళికైనా అరటి గెలలు, కొబ్బరికాయలు, పూలదండలు మోసుకెళ్ళే పాత ఆకుపచ్చ పికప్ ఎవరిదని చోవా చూ కాంగ్‌లో అడిగితే, అందరూ ఆయన ఉండే బ్లాకే చూపిస్తారు.

ఆ బండికి రేడియో లేదు. పంతొమ్మిదేళ్ళుగా అందులో మోగింది పక్క సీట్లోని భార్య కుమారమ్మే. ఎక్కడ తిరగాలో, ఎవరి పెళ్ళిలో పప్పు మాడిందో, ఏ పురోహితుడు మంత్రాలు మింగేశాడో, అన్నీ ఆవిడే చెప్పేది. అప్పన్న ఎప్పుడూ "ఊఁ" అనేవాడు, అప్పుడప్పుడు కసురుకునేవాడు. కిందటేడు కుమారమ్మ మోకాళ్ళు మొరాయించాయి. "ఆ ఎత్తు ఎక్కడం ఇంక నా వల్ల కాదు" అని ఫ్లాట్‌లోనే ఉండిపోయింది. ఖాళీ సీట్లో అప్పన్న తమలపాకుల బుట్ట పెట్టుకున్నాడు. బుట్ట ఏమీ మాట్లాడదు. నెల తిరక్కుండానే ఆయనకు ఆ బుట్టంటే ఒళ్ళు మండిపోయింది.

బండిని కిందకు దించితే ఆవిడ ఎక్కగలదు. ఈ ఉపాయం తట్టిన రోజు అప్పన్న తన తెలివికి తానే మురిసిపోయి రెండు కప్పుల తేతారిక్ టీ తాగాడు. చిక్కల్లా దాన్ని బయటికి చెప్పడంలోనే. భార్య కోసం ఫలానాది చేశానని పదిమందిలో చెప్పుకోవడం వాళ్ళ వంశంలోనే లేదు. ఆయన తండ్రి పెళ్ళానికి చీర కొనితెచ్చి, రోడ్డు మీద దొరికిందని చెప్పిన మనిషి.

అది 1999. రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కళ్ళు తిరిగి పడిపోతాయని అందరూ హడలిపోతున్నారు. వాటిని పడకుండా పట్టుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన వీరభద్రరావు అప్పన్న ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ పాయా లేబర్‌లోని ఆఫీసుకు వెళ్ళొస్తున్నాడు. చదువుకున్నవాడు కదా అని అప్పన్న అతన్నే అడిగాడు.

"రావూ, మన బండి కొంచెం కిందకి దించాలయ్యా."

"ఎందుకు అంకుల్?"

అప్పన్న గొంతు సవరించుకున్నాడు. "ఎందుకేటి? లోడింగు. గెలలు ఎత్తలేక నడుం పోతంది."

అంతే, వీరభద్రరావుకు పూనకం వచ్చింది. "మీది క్లాసిక్ బండి అంకుల్! అమెరికాలో ఇలాంటివి దించడానికి క్లబ్బులే ఉన్నాయండీ!" అంటూ ఇంటర్నెట్‌లో వెతికి పద్నాలుగు పేజీలు ప్రింటు తీశాడు. టేపు పట్టుకుని బండి కింద దూరాడు. అరటి గెల బరువు, అప్పన్న నడుం ఎత్తు, రూలు ప్రకారం ఎంత దించవచ్చు, అన్నీ ఎక్సెల్‌లో వేసి నాలుగంగుళాలని తేల్చాడు. కుమారమ్మ మోకాలి ఎత్తు మాత్రం ఏ గడిలోనూ లేదు. ఎవరైనా చెబితే కదా ఉండేది!

పనికి మెకానిక్ గురునాథం దిగాడు. అతనూ అప్పన్నా క్వార్టర్స్‌లో కలిసి గోళీలాడినవాళ్ళు. వెనక ఇరుసుకీ బరువు మోసే కమాన్ కట్టలకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టి, పొడుగాటి యూ బోల్టులతో బిగిస్తే వెనక భాగం దిగుతుంది. కుదుపులు ఆపే పాత జంపర్లు తీసేసి పొట్టివి వేయాలి. అంతా బాగానే వివరించి, గురునాథం చివర్లో అడగకూడని మాట అడిగాడు.

"ముందు కూడా దించీమంటావేటి?"

కుమారమ్మ కూర్చునేది ముందే. దించమంటే ఎందుకంటాడు, ఎందుకో చెబితే ఆదివారానికల్లా సింగపూర్ తెలుగువాళ్ళందరికీ తెలిసిపోతుంది. వీరభద్రరావు కాగితాలు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు.

"ముందెందుకురా? గెలలేమన్నా ముందు సీట్లో కూకుంటాయా?" అని గద్దించాడు అప్పన్న. వెనక దిగితే ముందు కూడా కాస్తో కూస్తో దిగకపోతుందా అని మనసులో సర్ది చెప్పుకున్నాడు. నలభై ఏళ్ళు బండి నడిపినవాడు ఇంత తెలివితక్కువగా ఎలా అనుకున్నాడని అడక్కండి. సిగ్గుపడిన మగవాడికి లెక్కలు రావు.

బండి తయారైంది. వెనక భాగం నేలకు ఆనుకున్నట్టు దిగింది, ముందు మాత్రం ముక్కు పైకెత్తుకుని నిలబడింది. సిగ్నల్ దగ్గర ఎవరో కుర్రాళ్ళు బొటనవేళ్ళు ఎత్తి చూపించారు. కూతురు కీర్తిక సింగపూర్ యాసలో "పప్పా, సో కూల్ లా!" అంది. అప్పన్నకు ఇవేవీ ఎక్కలేదు. ఆదివారం పొద్దున్న ఒక పెళ్ళికి పూలు చేరవేయాలి. తమలపాకుల బుట్టను వెనక్కి గిరాటేసి, సీటు రెండుసార్లు తుడిచి, పైకి వెళ్ళాడు.

"ఒకపాలి కిందకి రా. పని ఉంది."

కుమారమ్మ లిఫ్టులో దిగి, మెల్లగా నడిచి వచ్చింది. అప్పన్న తలుపు తెరిచి పట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆవిడకు తలుపు తీయడం అదే మొదలు. ఆవిడ అనుమానంగా చూసి కుడికాలు ఎత్తింది. మోకాలు సగంలోనే ఆగింది. మళ్ళీ ప్రయత్నించింది. గడప ఎప్పటి ఎత్తులోనే ఉంది. పైగా సీటు వెనక్కి వాలిపోయి పడక కుర్చీలా తయారైంది.

"ఇదేటండీ, బండి ఆకాశం కేసి సూస్తంది?" అంది కుమారమ్మ నవ్వుతూ.

అప్పన్న నవ్వలేదు. ఇన్నాళ్ళ ఆశ ఒక్క గడప దగ్గర ఆగిపోయింది. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది.

పని ఎలా కుదిరిందో చూద్దామని వీరభద్రరావుతో పాటు వచ్చిన గురునాథం ఊరుకోడుగా. "ముందు కూడా దించీమంటావా అని నానడగలేదేటి? వదిన ఎక్కుద్దని ముందే సెప్పాల కదా!"

"ఆవిడ కోసమని నీకెలా సెప్తాన్రా ఎదవా!" అని అరిచాడు అప్పన్న.

బ్లాకు కింద చదరంగం ఆడుతున్న చైనా తాతలు తలలెత్తారు. వాళ్ళలో ఒకాయన ఏమైందని తల్లి వెంట దిగిన కీర్తికను ఇంగ్లీషులో అడిగాడు. "హి డూ ఫర్ మై మమ్మీ, లా" అని కీర్తిక అంతే గట్టిగా చెప్పింది. తాతలంతా "వా!" అన్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. వీరభద్రరావు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఒక్క మాట చెప్పుంటే ఇంకో కాలమ్ వేసేవాణ్ణి కదా అంకుల్" అని గొణిగాడు. అప్పన్నకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

కుమారమ్మ మాత్రం భర్త మొహం కాసేపు చూసింది. తర్వాత బండి వెనక్కి నడిచి, తలుపు పలక దించమని గురునాథానికి సైగ చేసింది. అది సరిగ్గా ఆవిడ నడుము కిందికి వచ్చింది. వెనక్కి తిరిగి హాయిగా కూర్చుని, మెల్లగా లోపలికి జరిగి, బంతిపూల బుట్టకు ఆనుకుంది.

"నానిక్కడే కూకుంటాను."

"ఇక్కడి రూలు ప్రకారం వెనకాల పనోళ్ళనే ఎక్కించాల" అన్నాడు అప్పన్న బలహీనంగా.

"పూలు దింపేది నానే కదా. పనిమనిషిని కాక మరేటి?"

అప్పన్న డ్రైవరు తలుపు దాకా వెళ్ళాడు. తాళం చెవి వంక చూశాడు, ఖాళీ సీటు వంక చూశాడు. నలభై ఏళ్ళుగా తన బండిని ఇంకొకడి చేతికివ్వని మనిషి ఆ తాళం చెవిని వీరభద్రరావు చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి కుమారమ్మ పక్కన చతికిలబడ్డాడు.

వీరభద్రరావు బండి నడిపే తీరు వర్ణించకపోవడమే మర్యాద. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇరుసు పైకి వెళ్ళి ఛాసిస్‌కు ధన్‌మని తగిలింది. ఇద్దరూ జానెడు పైకెగిరి బంతిపూలలో పడ్డారు. కుమారమ్మ "అమ్మో" అని అప్పన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇందాక ఆ తాతలు సప్పట్లెందుకు కొట్టారో సెప్పండి" అంది, చెయ్యి వదలకుండానే.

"నాకేటి తెలుసు."

"ఊఁ" అంది కుమారమ్మ. పెళ్ళయ్యాక ఆ "ఊఁ" ఆవిడ అనడం అదే మొదటిసారి.

వీరభద్రరావు అద్దంలో చూస్తూ కంగారుగా అరిచాడు. "సారీ అంకుల్! అన్నీ స్పీడ్ బ్రేకర్లేనండీ! పెద్ద రోడ్డు మీదకి తిప్పేయనా?"

"వద్దొద్దు" అన్నాడు అప్పన్న. "సందుల్లోంచే పోనీ."