సరుకుల గేటు దగ్గర మా అత్త

మా మేనత్త పోయిందని మొన్న ఉదయం మావ ఫోన్ చేశాడు. పెరట్లో బట్టలు ఆరేస్తూ కూలబడిపోయిందట.

అత్త విశాఖ విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పని చేసేది. భోగాపురం దగ్గరి ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేది. విమానాశ్రయం అంటే మనకు విమానాలే గుర్తొస్తాయి. అత్త చెప్పేవి వేరు: సంచులు తనిఖీ చేసే చోటు, సామాను తిరిగే బెల్టు, నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు. తల్లులు పసిపిల్లలకు పాలిచ్చే గది అంటే మరీ ఇష్టం. ఎవరూ చెప్పకపోయినా దాన్ని రెండోసారి తుడిచేది.

"ఎలాగుంటాదత్తా ఎయిర్‌పోర్టు?" అని చిన్నప్పుడు అడిగేదాన్ని.

"పెద్ద బస్టాండేనే. కాకపోతే అక్కడోలు గట్టిగా ఏడవరు" అనేది.

నేను ఎచ్చెర్లలో చదువుకునే రోజుల్లో ఒక మధ్యాహ్నం విమానాశ్రయంలో, ప్రయాణికులు బయటికొచ్చే ద్వారం దగ్గర ఒక అమ్మాయి, ఆమె ముసలి మామగారు నిలబడి ఉన్నారట. సోంపేట వైపు వాళ్లు. విమానం దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. అమ్మాయి ఇంకా తలుపుకేసే చూస్తోంది. అత్త చీపురు పక్కన పెట్టి వెళ్లింది.

"ఎవులి కోసమమ్మా?"

"మా ఆయన."

"ఎక్కడినుంచి వస్తన్నాడు?"

మామగారే చెప్పాడు. "గల్ఫ్ నుంచమ్మా. పెట్టెలో వస్తన్నాడు."

శవపేటికలు ఆ ద్వారంలోంచి రావు. సరుకులు దించే గేటు వేరే ఉంది. ఆ సంగతి అత్తకు తెలుసు. కట్టుకున్నవాడు సరుకుతో పాటు వస్తాడని ఆ పిల్లకి ఏ నోటితో చెప్పనే, అని తర్వాత నాతో అంది. అప్పుడు మాత్రం ఆ అమ్మాయితో, "ఇటు జనం ఎక్కువ తల్లీ. ఆయన్ని అటేపు నిమ్మలంగా దించుతారు. రా, నాను తీసికెల్తాను" అని చెయ్యి పట్టుకుంది.

కాగితాల పని అయ్యేదాకా పక్కనే కూర్చుంది. పెట్టెను అంబులెన్సులోకి ఎక్కించారు. అమ్మాయి మాత్రం అత్త చెయ్యి వదల్లేదు. అత్త సూపర్‌వైజరుకు చెప్పి తనూ ఎక్కేసింది.

దారిలో నాకు ఫోన్ చేసింది. "ఒసే, రోడ్డు మీదికి రా. ఎచ్చెర్ల మీంచే ఎల్తన్నాం."

పరుగెత్తుకుంటూ వెళ్లాను. అంబులెన్సు ఆగింది. అత్త యూనిఫారం చీరలోనే ఉంది.

"ఇదేటత్తా, నువ్వెందుకు ఎక్కావు?"

"ఈ పిల్లకి ఆడతోడు లేదే. ఇంటికాడ దింపి రేపొచ్చేస్తాను. మీ మావకి నువ్వే సెప్పు. నాను సెప్తే కేకలేస్తాడు."

పొద్దుట తెచ్చుకున్న క్యారేజీ నా చేతిలో పెట్టింది. మూత కూడా తీసినట్టు లేదు.

బండి కదిలింది. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన ఆ అమ్మాయి అత్త భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. రోడ్డు కుదుపులకు ఆ తల జారిపోకుండా అత్త అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.