ఉప్పు చూడడానికి దుబాయ్ పోయాను

మా బంధువుల్లో ఎవరింట్లో పెళ్లయినా, వడ్డనకు ముందు ఉప్పు చూసేది నేనే. కరీంనగర్ బడుల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పిల్లలు నాకు ఎంత భయపడ్డారో తెలియదు గాని, వంటవాళ్లు మాత్రం నన్ను చూడగానే గరిటె పక్కన పెట్టి నిలబడతారు. బాగుంటే "ఉప్పు సరిపోయింది" అంటాను, అంతే. బాగాలేకపోతే మొహమాటం లేకుండా చెప్పేస్తాను. అందుకు నన్ను తిట్టుకునేవాళ్లు తక్కువేం లేరు, తిట్టుకోనీ.

పోయిన చలికాలంలో మా తమ్ముడు గంగాధర్ దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. మాది సిరిసిల్లలో నేత కుటుంబం. వాడికి ఇరవై ఏళ్లున్నప్పుడు సాంచ నడుపుతుంటే, అంటే మరమగ్గం మీద, కుడిచేతి చిటికెన వేలు సగం తెగిపోయింది. ఆ పనికి దండం పెట్టి గల్ఫ్ పోయాడు. పద్నాలుగేళ్లుగా అక్కడ ఒక హోటల్లో వంట మాస్టర్ అని మా అందరికీ తెలుసు. "అక్కా, వీసా అయిపోతుంది. మళ్ల కొట్టించుకోవాల్నా, వాపస్ వచ్చి కరీంనగర్‌ల హోటల్ పెట్టాల్నా, తెలుస్తలేదు. బస్టాండ్ ఎనక జాగ చూసిన. నువ్వొక్కసారి వచ్చి నా చేతి వంట తిను. నువ్వు సరే అంటెనే పెడత" అన్నాడు. తమ్ముడి సంసారం నా నాలుక మీద ఆధారపడితే నేను పోకుండా ఉంటానా?

కరీంనగర్ నుంచి జూబ్లీ బస్టాండ్‌కు నాలుగు గంటలు. ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు జీరో టికెట్. అక్కడి నుంచి శంషాబాద్‌కు ఎయిర్‌పోర్ట్ బస్సుంది. విమానంలో దాదాపు నాలుగు గంటలు. దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. విజిట్ వీసా, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిలోనే పెట్టుకోండి, సంచి అడుగున వేసి అందరి ముందు వెతుక్కోకండి. నేను వెతుక్కున్నాను. విమానాశ్రయం నుంచి మెట్రో ఎక్కి డేరా అనే పాత బస్తీలో దిగాను. తమ్ముడు అక్కడే చిన్న లాడ్జిలో గది తీసిపెట్టాడు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి, తెల్లవారుజామున మొదలయ్యే డ్యూటీ ముగించుకుని వచ్చాడు. గల్లీ మలుపులో ఓ మలయాళీ ఆయన నడిపే నాలుగు బల్లల హోటల్‌కు తీసుకుపోయాడు. శనగల కూర, గుడ్లు, చేటంత గుండ్రటి రొట్టె, కరక్ అనే చిక్కటి పాల చాయ్‌లు రెండు. ఇద్దరికీ కలిపి పద్దెనిమిది దిర్హంలు. దిర్హం అంటే దాదాపు పాతిక రూపాయలు అనుకోండి, లెక్క తేలిక. శనగల్లో జీలకర్ర ఎక్కువైంది, చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. రొట్టె మాత్రం, అబ్బ! పైన కరకర, లోపల దూదిలా మెత్తన. నువ్వులు మాడకుండా వేగాయి. వేళ్లతో అద్దిన గుంతలు వరుసలుగా ఉన్నాయి. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు మూడు.

"చేసినోనికి లెక్క రాదుగని, చెయ్యి మాత్రం బంగారంరా" అన్నాను. వాడు గబగబా చాయ్ తాగేసి మొహం తిప్పుకున్నాడు. ఏమైందిరా అంటే, "ఏం లేదక్కా, నిద్ర సాల్లేదు" అన్నాడు.

పదింటికి క్రీక్ దాటించాడు. ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. అబ్రా అనే చెక్క పడవలో ఒక దిర్హం ఇస్తే అవతలి ఒడ్డు. మెట్రో కార్డుతో పని లేదు, చిల్లర ఉంచుకోండి. పడవ నడిపే బెంగాలీ పెద్దాయన నన్ను చూసి, "నడుమ కూర్చో అమ్మా, చీర తడుస్తుంది" అని హిందీలో అన్నాడు. "ఇక్కడ మంచి తిండి ఎక్కడ?" అని అడిగితే, "నాకా? మా గదిలో" అని నవ్వాడు. అవతల బర్ దుబాయ్ బజార్లో నిమ్మకాయ పుదీనా రసం ఎనిమిది దిర్హంలు, ఎండలో పోయిన ప్రాణం లేచొచ్చింది. పాలు లేని సులేమానీ చాయ్ రెండు దిర్హంలు. ఖర్జూరం ముక్క కొరుక్కుంటూ తాగితే చక్కెర అక్కర్లేదు. గుజరాతీ, ఇరానీ, పాకిస్తానీ, ఫిలిప్పీన్స్ హోటళ్లు ఒకే వరుసలో ఉన్నాయి. ఎవరి తిండి వాళ్లది, ఎవరి చెంచా వాళ్లది.

మధ్యాహ్నం ఒంటిగంటకు అసలు పరీక్ష. డేరాకు తిరిగొచ్చి ఓ తెలుగు మెస్‌లో కూర్చున్నాం. నడిపేది ఆదిలాబాద్ వైపు లక్సెట్టిపేట నర్సయ్య, మా తమ్ముడి దోస్తు. అన్నం, పప్పు, పచ్చిపులుసు, మటన్, పక్కన పొద్దుటి లాంటిదే రొట్టె. ప్లేటు పదిహేను దిర్హంలు. "మటన్ రాత్రి నేనే వండిపెట్టిన. చెప్పక్కా" అన్నాడు తమ్ముడు. వాడి నుదుటి మీద చెమట.

ముక్క నోట్లో పెట్టుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది. ఉప్పు, కారం ఎక్కడా వంక లేదు. కానీ మసాలాలో రాతిపువ్వు ఉంది, కొబ్బరి నల్లబడేదాకా వేయించి ఉంది. ఇది ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్ర సరిహద్దు పెళ్లిళ్లలో తిన్న రుచి. సిరిసిల్లలో మా అవ్వ జన్మలో రాతిపువ్వు ముట్టలేదు.

"మసాల ఎట్ల వేయించినవ్‌రా?"

"ఎట్లనంటే... అందరు వేయించినట్లే అక్కా."

"నర్సన్నా, గీ కూర నీ చేతిదే గదా?"

నర్సయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నన్ను పరేషాన్ చెయ్యకు అక్కా. మీ తమ్ముడు నిన్నటి సంది కాళ్లు పట్టుకుంటుండు. నేను వద్దనే అన్న."

ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం తీసుకొచ్చి నాకే అబద్ధం తినిపిస్తాడా? "పద్నాలుగేండ్ల సంది మాస్టర్ మాస్టర్ అంటివి. మరదలు సుజాత ఊరందరికి చెప్పుకుంటది. వంటనే రాకపోతే ఏం చూసి హోటల్ పెడ్తవ్‌రా?"

"కూర వండుడు నాకు రాదక్కా. వచ్చిన కొత్తల ఫోన్‌ల అట్లన్న. ఒకసారి అన్నంక ఎట్ల దిద్దుకోవాలె? హోటల్ పెట్టి వంటకు మనిషిని పెట్టుకుందామనుకున్న."

కోపంలో రొట్టె చించబోయి ఆగాను. ఒకవైపు నాలుగు గుంతలు, ఇంకోవైపు మూడు. మళ్లీ లెక్కపెట్టాను. తర్వాత వాడి చేతులు చూశాను. బల్ల కింద దాచుకున్నాడు.

"కుడిచెయ్యి ఇటు పెట్టు" అన్నాను, బడిలో అన్నట్టే. రొట్టె పక్కన పెట్టాడు. మూడు నిండు వేళ్లు, సగం చిటికెన వేలు.

"గిది నువ్వు చేసిందా?"

"ఔనక్కా. గీ మూడు గల్లీల హోటళ్లకు రొట్టె నేనే కాలుస్త."

"మరి పొద్దున నేను మెచ్చుకుంటుంటే నోరెందుకు లేవలేదు?"

"దుబాయ్ పోయి రొట్టెలు కాల్చుడేందని నవ్వుతరనుకున్న" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకునేదేముంది.

సాయంత్రం అయిదింటికి వాడి బట్టీ చూపించాడు. రేకు తలుపు, నేలలో దించిన తందూరు, పిండి మూటలు. యజమాని కాబూల్ నుంచి వచ్చిన తెల్లగడ్డం ముసలాయన. కరీంనగర్ ఉర్దూ నాకు బాగానే వస్తుంది కాబట్టి మాట కలిపాను. "మీ తమ్ముడు ఉప్పు చూసేదాకా నేను పిండి ముట్టుకోను. పోతానంటున్నాడు, నాకు చెయ్యి విరిగినట్టుంది" అన్నాడు. ఉప్పు చూసే రోగం మా ఇంట్లో నా ఒక్కదానికే అనుకున్నాను.

గంగాధర్ పిండి ముద్ద చరిచి, రెండు చేతుల వేళ్లతో టకటకా అద్ది, గుడ్డ మెత్త మీద పరిచి పొయ్యి లోపలి గోడకు కొట్టాడు. నిమిషంలో ఇనుప కొక్కెంతో లాగి నా చేతిలో వేశాడు. దిర్హం రొట్టె. చెయ్యి కాలుతుంటే నిలబడే తిన్నాను. వాడు పని ఆపి, అచ్చం పెళ్లి వంటవాళ్లలా నా మొహం చూస్తున్నాడు.

"ఉప్పు సరిపోయింది" అన్నాను. "హోటల్ వద్దు, మాస్టర్ వద్దు. కరీంనగర్‌ల రొట్టెల బట్టీ పెట్టు. కూర ఎవలింట్ల వాళ్లు వండుకుంటరు. కని ముందుగాల సుజాతకు ఫోన్ చేసి నిజం చెప్పు, ఇప్పుడే, నా ముంగటనే."

చేశాడు. మొదటి నుంచి అంతా చెప్పాడు. మా మరదలు గొంతు ఫోన్లో గట్టిగా వినిపించింది, "రొట్టెలు గంత మంచిగ చేస్తవా? మరి సెలవుల మీద వచ్చినప్పుడు ఒక్కనాడన్న మాకు చేసిపెట్టకపోతివి!"

నాలుగు రోజుల్లో దుబాయ్‌లో ఎత్తైన భవనాల్లోని హోటళ్లు కూడా చూశాను, ఒకచోట చాయ్‌కు ముప్పై దిర్హంలు కట్టాను, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ మీరు పోతే డేరా గల్లీల్లోనే తినండి. అక్కడ తిన్న ప్రతి ముద్ద వెనకా ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేసి "నేను మంచిగున్న" అని చెప్పేవాళ్లే ఉంటారు. బాగుంటే బాగుందని వాళ్లకు వినపడేలా అనండి. నేను పొద్దున ఆ మాట అనకపోయుంటే మధ్యాహ్నం వాడు చెయ్యి బల్ల మీద పెట్టేవాడు కాదేమో.

ఇక పనికొచ్చే మాట ఒక్కటి. తందూరు రొట్టెను ప్లాస్టిక్ సంచిలో కట్టించుకోకండి, ఆవిరికి మెత్తబడుతుంది. పేపర్లో చుట్టించుకోండి, లేదా నిలబడి తినేయండి. దానికోసం దుబాయ్‌దాకా కూడా పోనక్కర్లేదు. సాయంత్రం నాలుగు దాటాక కరీంనగర్ బస్టాండ్ వెనక గల్లీకి రండి. రొట్టె చేతికి రాగానే గుంతలు లెక్కపెట్టండి. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు మూడు ఉంటే, మీరు సరైన చోటికే వచ్చారు.